పందులదొడ్డి పక్క మగచెట్టు

ఆ ఏడు వానలు పట్టిన వారంలో ఒక పొద్దున, బ్యాంకాక్‌కి దూరంగా ఉన్న మా ఊళ్ళో, బౌద్ధ గుడి మైకులో ఊరిపెద్ద గొంతు వినబడింది. మూడు సంగతులు చెప్పాడు. దోమల మందు కొట్టేవాళ్ళు వస్తున్నారు, నీళ్ళ తొట్లు కడుక్కోండి. గుడి వంటింట్లో రెండు మూకుళ్ళు కనబడటం లేదు, పట్టుకెళ్ళినవాళ్ళు తెచ్చి పెట్టేయండి. ఇవాళ్టి నుంచి ఎవరింట్లో వాళ్ళు గంజాయి మొక్క వేసుకోవచ్చు, పోలీసులు పట్టుకోరు. మూకుళ్ళ సంగతి ఇంకోసారి గట్టిగా చెప్పి మైకు కట్టేశాడు.

నేను జిగురన్నం ముద్ద చేసి కారంలో అద్దుకుంటున్నాను. నా భార్య బువాఫన్ పొయ్యి దగ్గర నుంచి నా వంక చూసింది.

"విన్నావా?"

"ఊఁ."

"ఏమంటావు?"

"మూకుళ్ళు మన దగ్గరున్నాయా?"

"గంజాయి సంగతయ్యా నేనడిగేది!"

నాకు మాటలు తక్కువ. పుట్టినప్పుడే ఏడవలేదని మంత్రసాని గిల్లిందట, అయినా ఏడవలేదట. ముద్ద మింగి, చెయ్యి కడుక్కుని, దూలం మీద దోపిన వెదురు గొట్టం తీశాను. బిరడా లాగి అరచేతిలో బోర్లించాను. ఏడు గింజలు పడ్డాయి. ఉడుతతోక అంటారు ఆ రకాన్ని. దాని ఆకు మా అమ్మ పులుసులో వేసేది, వాళ్ళమ్మ పులుసులో వేసేది. చివరిసారి గింజ కట్టి ఆరేళ్ళయింది. మోకాళ్ళు పట్టేసి నేను చేనికి వెళ్ళడం మానేసినప్పటి నుంచి గింజలు గొట్టంలోనే ఉన్నాయి.

"మొలుస్తాయంటావా?" అంది.

"చూద్దాం."

మా ఇల్లు గుంజల మీద ఉంటుంది; దాని చూరు వార, పందులదొడ్డి ఉండిన చోట వేశాను. పందులు ఇప్పుడు లేవు, మట్టి మాత్రం ఇంకా నల్లగానే ఉంది. ఏడింట్లో ఒక్కటే తల ఎత్తింది.

ఆ మధ్యాహ్నం ప్రయూన్ అన్నానికి వచ్చాడు. ప్రయూన్ బువాఫన్‌కి అన్న. సందుకి అవతలే ఇల్లు. పోలీసుల్లో హెడ్డుగా చేసి దిగిపోయాడు, ఊళ్ళో అందరూ ఇప్పటికీ హెడ్డుగారనే పిలుస్తారు. మూడేళ్ళ కింద పెళ్ళాం పోయినప్పటి నుంచి తిండి మా ఇంట్లోనే.

నలభై ఏళ్ళ కింద, ఊళ్ళోకి కంకర రోడ్డు పడిన ఏడు, ఇదే దొడ్డి పక్కన నేను వేసుకున్న మూడు చెట్లు పీకి, వాటితోపాటు నన్నూ జీపెక్కించింది ఇతనే. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరుకి ఏదో ఒకటి చూపించాలి. ఊళ్ళో ఇంకెవర్ని పట్టుకున్నా తగువొస్తుంది, బావనైతే ఎవరూ అడగరు. అదీ అతని లెక్క. పదకొండు రోజులు లోపలున్నాను. వచ్చాక అతనితో మాట్లాడటం మానేశాను. నేను మానేసిన సంగతి అతనికి రెండు నెలల దాకా తెలియలేదని బువాఫన్ అంటుంది. తెలిశాక అతనూ మానేశాడు.

చాప మీద ముగ్గురం కూర్చున్నాం. ఊరబెట్టిన చేపల గిన్నె నా పక్కనుంది.

"చెల్లీ, ఆ గిన్నె ఇటు జరపమని మీ ఆయనతో చెప్పు," అన్నాడు ప్రయూన్.

"గిన్నె జరపమంటున్నాడు," అంది బువాఫన్.

"చేతుల్లేవా అని అడుగు," అన్నాను.

"చేతుల్లేవా అంటున్నాడు."

"ఉన్నాయని చెప్పు."

"ఉన్నాయట. ఇద్దరి చేతులూ విరగ్గొడతాను," అని గిన్నె తనే జరిపింది.

నలభై ఏళ్ళు ఇలాగే గడిచాయి. వరదలు, పెళ్ళిళ్ళు, చావులు, అన్నీ ఆమె నోటి మీదుగానే మాట్లాడుకున్నాం. కొన్ని మాటలు ఆమె దగ్గరే ఆగిపోయేవి. కొన్ని బాగుపడి చేరేవి.

"ముప్పై ఆరేళ్ళ సర్వీసు చెల్లీ," అన్నాడు ప్రయూన్. "నూట నలభై ఆరు చెట్లు పీకాను. నా హద్దులో ఒక్క చెట్టు, ఒక్కటంటే ఒక్కటి బతికి బట్టకట్టలేదు. ఇవాళ మైకులో పిలిచి మరీ వేసుకోమంటున్నారు! పీకినవన్నీ మళ్ళీ వెళ్ళి నాటి రమ్మంటారేమో నన్ను!"

"ముందు ఇక్కడ మూడు నాటమను," అన్నాను.

"కూర ఇంకాస్త వేసుకోమంటున్నాడు," అంది బువాఫన్.

రెండు వారాలు తిరగలేదు, ప్రయూన్ పెరట్లో ఆకుపచ్చ వల కట్టిన పందిరి లేచింది. బ్యాంకాక్ నుంచి పోస్టులో గింజలు వచ్చాయి. పదకొండు. ఏదో విదేశపు రకం, పేరు పలకడానికి నోరు తిరగదు. అన్నీ ఆడవే వస్తాయని డబ్బా మీద రాసి ఉందట. పొద్దున్నా సాయంత్రం ఫోన్లో గుడిలో చదివే బుద్ధ సూత్రాలు పెట్టి చెట్లకి వినిపించేవాడు. భూతద్దం కొన్నాడు. ఒక్కో చెట్టుకీ నంబరు రాసి మెడలో కట్టాడు, ఖైదీలకి కట్టినట్టు.

"నూట నలభై ఆరు పీకిన మనిషికి ఇప్పుడిదేం బుద్ధి?" అన్నాను బువాఫన్‌తో.

"నిద్ర లేదయ్యా వాడికి. వదిన పోయిన రోజు నుంచీ లేదు. తెల్లవార్లూ లైటు పట్టుకుని సందులో గస్తీ తిరుగుతుంటే నువ్వు వినట్లా? డాక్టరిచ్చిన బిళ్ళలతో పగలు తూగుతాడు, రాత్రి తిరుగుతాడు. ఆ పువ్వు పీలిస్తే నిద్ర పడుతుందని ఫోన్లో ఎవరో చెప్పాడట."

గస్తీ నేనూ వినేవాణ్ణి. ముందు చెప్పుల చప్పుడు, వెనక ఊరకుక్కల చప్పుడు.

ఆరోగ్య కార్యకర్త సామ్లీ ఇంటింటికీ తిరిగి ఫోన్లో పేర్లు ఎక్కించింది. దేనికి పెంచుతున్నారు అని ఫోను అడుగుతుందట, మందుకి అని చెప్పాలట. ఆ నెల మా ఊళ్ళో మోకాళ్ళ నొప్పి లేని మనిషి లేడు. మీ కోడలికి ఇరవై రెండేళ్ళే కదమ్మా అని ఒకింట్లో అడిగితే, ముందు జాగ్రత్త అన్నారట.

మా ఇంటికీ వచ్చి మెట్ల మీద కూర్చుంది.

"తాతా, ఎన్ని మొక్కలు?"

"ఒకటి."

"ఇంతకు ముందు పెంచిన అనుభవం ఉందా అని అడుగుతోంది తాతా."

సందుకి అవతల ప్రయూన్ చెట్లకి నీళ్ళు పోస్తున్నవాడల్లా చెంబు ఆపాడు. నేను పందులదొడ్డి వంక చూశాను.

"కొంచెం," అన్నాను.

అనుభవం ఉంది అని ఫోన్లో రాసుకుని వెళ్ళిపోయింది.

ఆషాఢ పున్నమి వెళ్ళిన మర్నాడు వర్షావాసం మొదలైంది. భిక్షువులు మూడు నెలలు గుడి దాటి వెళ్ళరు, మగాళ్ళు మూడు నెలలు సారా ముట్టనని పెద్ద భిక్షువు ముందు మాట ఇస్తారు. నేను ఏటా ఇస్తాను, ఏటా నిలబెట్టుకుంటాను. ఆ ఏడు బువాఫన్ నా వెనకే వచ్చి కూర్చుంది.

"భంతే, ఈసారి సారాతోపాటు ఆకు కూడా చేర్చండి."

పెద్ద భిక్షువు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఆకు పులుసులోనా, పొగ పీల్చే గొట్టంలోనా?"

"పులుసులో పరవాలేదు భంతే. గొట్టంలో."

"పులుసైతే తిండి. గొట్టం సంగతి బుద్ధుడు విడిగా చెప్పలేదు." కాసేపు ఆలోచించాడు. "లున్, నువ్వు అది పీలిస్తే మాట్లాడతావా?"

"లేదు భంతే."

"పీల్చకపోతే?"

నేనేం చెప్పలేదు.

"చూశావా బువాఫన్? ఈ మనిషికి మత్తెక్కిందో లేదో పైనున్న దేవతలు కూడా తేల్చలేరు. అంచేత రెండూ వద్దు. మూడు నెలలు. కొవ్వొత్తి వెలిగించు."

వెలిగించాను.

నా మొక్క వేగంగా పెరిగింది. బియ్యం కడిగిన నీళ్ళు పోసేవాణ్ణి. బువాఫన్ లేత ఆకులు నాలుగు కోసి, రోట్లో నూరి, గుడ్డలో వడకట్టి కోడిపులుసులో కలిపేది. నలక కూడా కనబడదు. మొదటిసారి ఆ పులుసు చేసిన రోజు ప్రయూన్ ఒక గరిటె నోట్లో పోసుకుని ఆగిపోయాడు.

"చెల్లీ!"

"ఏం, ఉప్పెక్కువైందా?"

"ఆరేళ్ళుగా నీ చెయ్యి చెడిపోయిందే. నేనెప్పుడూ అనలేదు, వయసు మీద పడింది పాపం అనుకున్నాను. ఇవాళ మళ్ళీ పాత రుచి తగిలింది. ఇదీ నా చెల్లెలి పులుసంటే!"

"కుండ మార్చాను," అంది బువాఫన్.

నేను గిన్నెలోకి చూస్తూ తిన్నాను.

పందిరి కింద ప్రయూన్ చెట్లు నడుం ఎత్తు వచ్చేసరికి నాది ఇంటి చూరు అందుకుంది. భాద్రపదంలో ఒక మధ్యాహ్నం చెయ్యి కడుక్కోవడానికి దొడ్డి వైపు వెళ్ళిన ప్రయూన్, వెనక్కొచ్చి, మాట్లాడకుండా ఇంటికెళ్ళి, భూతద్దం తెచ్చుకున్నాడు. నా చెట్టు కణుపుల దగ్గర చాలాసేపు చూశాడు. తర్వాత ఒక్క కేక పెట్టాడు.

"చెల్లీ! మీ ఆయన చెట్టు మగది!"

నాకది వారం కిందే తెలుసు. కణుపు దగ్గర చిన్న గంటల్లా వేలాడుతుంటాయి.

"అయితే ఏంట్రా?" అంది బువాఫన్.

"అయితే ఏంటా! అవి పగిలితే పొడి లేస్తుంది. లేచి నా పదకొండిటి మీదా పడుతుంది. పడిందంటే పువ్వు పువ్వు కాదు, అంతా గింజలే. మూడు నెలల చాకిరీ, నా నిద్ర, అన్నీ గంగలో కలుస్తాయి. దాన్ని ఇవాళే పీకమని చెప్పు!"

"ఒకసారి పీకాడు, చాలని చెప్పు," అన్నాను.

"పీకడానికి కొంచెం టైమడుగుతున్నాడు," అంది బువాఫన్.

"అనలేదు," అన్నాను.

"అనలేదట," అంది నీరసంగా.

సంగతి గుడి మండపం దాకా వెళ్ళింది. ఊరిపెద్ద చాప వేయించి అందరినీ కూర్చోబెట్టాడు. ప్రయూన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, ఫోన్లో నా చెట్టు ఫోటోలు ఒక్కొక్కరికీ చూపించాడు.

"ఆ పొడి అయిదు కిలోమీటర్లు ఎగురుతుందని ఇందులో ఉంది హెడ్డుగారూ," అంది సామ్లీ తన ఫోను చూసి.

"విన్నారా? అయిదు కిలోమీటర్లు! పక్కూరి ఆడచెట్లకి కూడా రక్షణ లేదు!"

వెనక నుంచి ఒక ముసలామె, "మా లున్‌కి అంత సత్తువుందా? బువాఫన్ ఎప్పుడూ చెప్పలేదే!" అంది. ఆడవాళ్ళంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. బువాఫన్ మాత్రం కొంగు పెట్టుకోకుండానే నవ్వింది.

"నవ్వకండి!" అన్నాడు ప్రయూన్. "నా ఒక్కగానొక్క చెల్లెల్ని ఎత్తుకెళ్ళింది చాలక, ఈ వయసులో నా పదకొండుమంది ఆడపిల్లల మీద పడ్డాడు!"

ఊరిపెద్ద నవ్వు ఆపుకుని నా వైపు తిరిగాడు. "లున్ తాతా, నువ్వేమంటావు?"

"ఒక్కటే ఉంది," అన్నాను.

అందరూ ఇంకేదో వస్తుందని చూశారు. రాకపోతే బాగుండదనిపించింది.

"అది మా అమ్మ రకం. ఏడేస్తే ఒక్కటి మొలిచింది. ఇది పోతే ఇక లేదు."

నేను మండపంలో అన్ని మాటలు మాట్లాడటం ఊరు ఎప్పుడూ చూడలేదు. నోటికి అడ్డం పెట్టిన కొంగులు కిందికి దిగాయి. కానీ ఊళ్ళో ఇరవై ఇళ్ళలో ఆడచెట్లున్నాయి, అన్నిళ్ళలోనూ మోకాళ్ళున్నాయి. వచ్చే ఉపోసథం, గుడిలో వ్రతముండే రోజు, సాయంత్రానికి చెట్టు తీసెయ్యాలని తేల్చారు. పీకే పని హెడ్డుగారే చూసుకోవాలి, ఆయనకి అలవాటుంది.

తిరిగి వచ్చేటప్పుడు తుంపర. బువాఫన్ గొడుగు పట్టుకుని మధ్యలో, మేం చెరోపక్క.

"చెల్లీ, నాకేం సరదా కాదని చెప్పు."

"సరదా లేకపోతే మానెయ్యమని చెప్పు."

"నా నిద్ర సంగతి ఏం చేస్తాడో అడుగు."

"నేను లోపలున్న పదకొండు రోజులూ ఎలా నిద్రపోయాడో అడుగు."

బువాఫన్ బురదలో ఆగిపోయింది. గొడుగు మూసేసింది. ముగ్గురం తడుస్తున్నాం.

"ఇవాళ్టితో సరి," అంది. "నలభై ఏళ్ళు మోశాను. నేను చచ్చాక కూడా చితి దగ్గరికొచ్చి 'చెల్లీ, మీ ఆయనతో చెప్పు' అంటారు మీరు. ఇక మొయ్యను. నోళ్ళున్నాయి, చెప్పుకోండి. లేదంటే మూగాళ్ళలా చేతులూపుకోండి."

అని గొడుగు తీసుకుని ముందు వెళ్ళిపోయింది.

ఆ ఆరు రోజులూ చాప మీద ముగ్గురమే, మాట ఒక్కటీ లేదు. కారం కావాలంటే ప్రయూన్ గిన్నె మీద చెంచాతో కొట్టేవాడు. ఎన్నిసార్లు కొడితే ఏమిటో ఎవరికీ తెలియదు. మూడో రోజు మా కోడితో మాట్లాడాడు.

"ఏమే కోడీ, ఉప్పు డబ్బా ఎక్కడుందో మీ యజమానికేమైనా తెలుసా?"

నేను మెట్ల దగ్గర పడుకున్న కుక్కతో చెప్పాను, అలమార మీదుందని. బువాఫన్ ముఖం అటు తిప్పుకుని అన్నం తింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

ఉపోసథం వచ్చింది. బువాఫన్ పొద్దున్నే తెల్లబట్టలు కట్టుకుంది. ఆ రోజు ఆడవాళ్ళు గుడిలోనే ఉండి, శీల నియమాలు పాటించి, మర్నాడు వస్తారు. చాప చుట్ట చంకలో పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడింది.

"కుండలో కోడిపులుసుంది. బుట్టలో అన్నముంది. పొద్దుగూకాక మీరేం చేసుకుంటారో చేసుకోండి. నేను లేను."

"ఊఁ," అన్నాను. నాకు ఆమెని పోనివ్వాలని లేదు. ఆ మాట కూడా అనలేదు.

మధ్యాహ్నం ప్రయూన్ వచ్చాడు. పాత ఖాకీ ప్యాంటు తొడిగి బెల్టు పెట్టాడు. బెల్టు చివరి కన్నం దాకా వచ్చి ఆగింది. చేతిలో కొడవలి. కొడవలి చాప పక్కన పెట్టి కూర్చున్నాడు. అన్నం తిన్నాకే పని అన్నమాట. నేను కుండ మధ్యలో పెట్టాను.

మొదటి గిన్నె తాగాడు. రెండో గిన్నెకి గరిటె అడుగు దాకా ముంచాడు. గరిటెతోపాటు ఒక ఆకు పైకొచ్చింది.

నూరిన ఆకు కాదది. నిండు ఆకు, ఏడు వేళ్ళతో. నేనూ అప్పుడే చూశాను. బువాఫన్ ఆ రోజు రోలు ముట్టుకోలేదు.

ప్రయూన్ ఆకుని గరిటెలోంచి రెండు వేళ్ళతో ఎత్తాడు. వెలుతురుకి పెట్టాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. గిన్నెలో పులుసు ఇంకో చెంచా నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నాడు.  రేకుల మీద వాన పడుతోంది.

"ఎప్పటి నుంచి?" అన్నాడు.

నేను కుక్క కోసం చూశాను. కుక్క బువాఫన్ వెంట గుడికి పోయింది. కోడి కూడా ఎక్కడా కనబడలేదు.

"మొదటి నుంచీ," అన్నాను.

"మధ్యలో ఆ ఆరేళ్ళు?"

"ఆకు లేదు."

"నా ప్రమోషను విందులో?"

"ఊఁ."

"ఆ రోజు జిల్లా పోలీసు పెద్ద వచ్చాడు. మూడు గిన్నెలు తాగాడు."

"నాలుగు."

ప్రయూన్ ఆకుని గిన్నె అంచు మీద పరిచి, వేళ్ళు లెక్కపెట్టి, నెమ్మదిగా తలెత్తాడు.

"ఎక్కడ వేసేవాడివి?"

"పెండలం చేలో."

"ఏ పెండలం చేలో?"

"మాదే. నీ చెక్‌పోస్టు వెనక."

"నేను రోజూ ఆ చేలోకి..."

"ఊఁ. ఉచ్చకొచ్చేవాడివి. అందుకే ఏపుగా పెరిగేవి."

వాన ఇంకాస్త పెద్దదైంది.  ప్రయూన్ ఆ ఆకుని గిన్నెలోకి తోసి, పులుసుతోపాటు నోట్లో వేసుకుని, నమిలి మింగేశాడు. గిన్నె ఎత్తి అడుగు దాకా తాగాడు. కొడవలి తీసుకుని లేచాడు.

నేనూ లేచాను. దొడ్డి పక్కన చెట్టు కింద ఇద్దరం నిలబడ్డాం. చూరు నీళ్ళు అతని బట్టతల మీద పడుతున్నాయి, జరగలేదు.

"ముప్పై ఆరేళ్ళు చెప్పుకున్నాను," అన్నాడు. "నా హద్దులో ఒక్కటి కూడా లేదని. ఇన్‌స్పెక్టర్లకి చెప్పాను. చచ్చిపోయేముందు నా పెళ్ళానికి కూడా చెప్పాను."

 "బాగానే వెతికావు," అన్నాను.

"బావా, దీన్ని ఉంచితే నాకు నిద్ర లేదు. పీకితే నాకు పులుసు లేదు. నువ్వే చెప్పు."

"ఒక ఆడదాన్నివ్వు."

"ఏంటీ?"

"ఒక్కదాన్ని. కుండీలో పెట్టి ఇటివ్వు. పొడి ఒక్కదానికే పూస్తాను, గింజ కడుతుంది. ఇది ఇప్పుడే నరికేస్తాను. గంటలింకా పగల్లేదు."

ప్రయూన్ కొడవలి చేతులు మార్చుకున్నాడు. తన పందిరి వైపు చూశాడు. అతని గొంతులో బెంగ వినబడింది.

"ఏ పిల్లని?"

"నీ ఇష్టం."

"ఏడో నంబరు. నెమ్మదైంది." కొడవలి నాకిచ్చాడు. "నువ్వే కొయ్యి. నేనొకసారి పీకాను కదా."

కొమ్మలు ఒక్కొక్కటీ కోసి పాత వార్తాపత్రికల్లో చుట్టి, గాలి తగలకుండా బియ్యపు డబ్బాలో పెట్టాను. ఆకంతా దూసి నీడన ఆరబెట్టాను. సాయంత్రం వాన తెరిపిచ్చాక ప్రయూన్ ఏడో నంబరుని కుండీతో ఎత్తుకుని సందు దాటాడు. ఒక చేత్తో కుండీ, ఇంకో చేత్తో చెట్టు మీద గొడుగు. గుడికి పాలు పట్టుకెళ్తున్న సామ్లీ ఎదురైంది.

"ఎక్కడికి హెడ్డుగారూ?"

"అత్తారింటికి," అన్నాడు ప్రయూన్.

కుండీని మా పొయ్యింట్లో మూల పెట్టి తలుపేశాం. గంటలు డబ్బాలోనే పగిలాయి, పసుపుపచ్చటి పొడి కాగితం మీద రాలింది. నాలుగో రోజు కోడి ఈకతో అద్ది పువ్వు పువ్వుకీ పూశాను. ప్రయూన్ భూతద్దం పట్టుకుని పక్కనే నిలబడి, మెల్లగా, మెల్లగా అంటూనే ఉన్నాడు. పూసిన చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కునే దాకా నన్ను సందు దాటనివ్వలేదు.

అంతకు ముందే, ఉపోసథం మర్నాడు పొద్దున బువాఫన్ గుడి నుంచి వచ్చేసరికి మేమిద్దరం మెట్ల మీదున్నాం. ఆమె దొడ్డి వైపు చూసింది. మోడు చూసింది. ఆరబెట్టిన ఆకు చూసింది. పొయ్యింట్లో మూలనున్న కుండీ చూసింది.

"పులుసెలా ఉంది?"

"బాగుంది," అన్నాం ఇద్దరం ఒకేసారి.

తెల్లబట్టలు మార్చుకుని కోళ్ళకి నూకలు వేసింది.

వర్షావాసం వెళ్ళిపోయింది. నా మాట నిలబడింది. ఇంకో మూడు వారాలకి, చలిగాలి మొదలైన ఒక మధ్యాహ్నం, ప్రయూన్ బూటుపాలిష్ డబ్బా ఒకటి పట్టుకుని వచ్చి ఇంటి కింద వెదురు బల్ల మీద నా పక్కన కూర్చున్నాడు. మూత తీశాడు. ఎండిన పువ్వు, గింజ ఒక్కటి కూడా లేదు. నేను పొగ పీల్చే గొట్టం తీసి నీళ్ళు పోశాను.

"ఎలా పట్టుకోవాలి?" అన్నాడు.

"బోలెడు గొట్టాలు లాక్కెళ్ళావుగా."

"లాక్కెళ్ళాను. తాగలేదు. అన్నీ స్టేషను వెనక తగలబెట్టాం."

"పొగ మీకెవరికీ తగల్లేదా?"

ప్రయూన్ ఆలోచించాడు. "ఆ రోజుల్లో స్టేషన్లో అందరం బాగా కలిసి ఉండేవాళ్ళం," అన్నాడు.

ఎలా పట్టుకోవాలో చూపించాను. పీల్చాడు, దగ్గాడు, కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు. ఇంకోసారి పీల్చాడు. నేనూ ఒకసారి పీల్చి, పెద్ద భిక్షువు చెప్పినట్టే, మాట్లాడకుండా కూర్చున్నాను.

"ఏమీ లేదు బావా. ఫోన్లో చెప్పేవన్నీ అబద్ధాలు. అనవసరంగా పందిరికీ, వలకీ, ఆ భూతద్దానికీ..."

భూతద్దం దగ్గర మాట ఆగిపోయింది. చూస్తే తల స్తంభానికి ఆనించి నోరు తెరిచాడు. గురక మొదలైంది. మధ్యాహ్నం మూడింటికి పడుకున్నవాడు మర్నాడు గుడి గంట కొట్టినప్పుడు లేచాడు. పొద్దుగూకే వేళ బువాఫన్ వచ్చి దోమతెర కట్టింది. కట్టి, తెరలోంచి అన్న ముఖం చూస్తూ కాసేపు కూర్చుంది. ఆ రాత్రి సందులో కుక్కలు తమంతట తామే గస్తీ తిరిగాయి.

ఏడో నంబరు గుప్పెడు గింజలిచ్చింది. అందులో సగం తండ్రి పోలిక, సగం తల్లి పోలిక మొలుస్తాయి. పులుసులో రుచి మాత్రం మా అమ్మదే. గొట్టంలో పోసి బిరడా పెట్టి దూలంలో దోపాను.

ఇక ప్రయూన్ మాట్లాడటం మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళవి దాచినట్టున్నాడు. పొద్దున కాఫీతో మొదలెడితే దీపాలు పెట్టే దాకా బావా, బావా. ఏ కేసులో ఎవడు ఎటు పారిపోయాడో, ఏ ఇన్‌స్పెక్టరు పెళ్ళాం ఎలాంటిదో. బతిమాలి ఒకసారి బువాఫన్‌ని అడిగాను, కాస్త ఆపమని మీ అన్నతో చెప్పవే అని.

"నోరుందిగా," అంది.

ఇది జరిగి మూడేళ్ళు. మొన్న సామ్లీ మళ్ళీ ఫోను పట్టుకుని వచ్చింది. రూలు మారుతోందట. డాక్టరు కాగితం కావాలంటున్నారట, ఇంకా సరిగా తెలియదట, ఎందుకైనా మంచిది, ఇళ్ళల్లో ఉన్నవి తీసేసుకోమంటున్నారట. ప్రయూన్ బల్ల మీద కూర్చుని అంతా విన్నాడు. సామ్లీ సందు మలుపు తిరిగే దాకా చూశాడు.

"బావా, గొట్టంలో గింజలెన్నున్నాయి?"

"గుప్పెడు."

"పెండలం చేలో వేద్దాం. చెక్‌పోస్టు వెనక. అక్కడైతే ఎవడూ చూడడు."

"నీకెలా తెలుసు?"

"ఇరవై మూడేళ్ళు అక్కడ కూర్చున్నది నేను," అన్నాడు ప్రయూన్. "చూశానా?"